ఆ మాట ఎవరిది?

ఆర్‌.సి.ఎం. చర్చి నీడలో పెరిగిన పిల్లలకి పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి చాలా విషయాలు కంఠతా వచ్చేసి ఉంటాయి. జపమాల దేవరహస్యాలు, పది ఆజ్ఞలు, పాపసంకీర్తనం చివర చెప్పుకునే పశ్చాత్తాప జపం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చేసిన మాటలు కూడా కొన్ని ఉంటాయి. ‘వాడు తేడా.’ ‘అలాంటివాళ్లనే గదా సొదొమలో దేవుడు కాల్చేసింది?’ ‘ఒక పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి.’ ‘గట్టిగా ప్రార్థన చేస్తే పోతుంది.’ తనవంటివారి మీదే మనసు పోతోందని గ్రహించిన కుర్రాడికైనా అమ్మాయికైనా ఈ రెండు రకాల మాటలూ ఒకే ఇంట్లో, ఒకే పెద్దల నోట వినపడ్డాయి. కాబట్టి రెండూ ఒకే చోటినుంచి వచ్చాయని, ఆ చోటు దేవుడేనని మనసులో ముద్ర పడిపోతుంది. విశ్వాసానికీ మీ స్వభావానికీ పొత్తు కుదరాలంటే ముందు ఈ మాటల్ని విడదీయాలి. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ‘ఇది ఎవరి మాట?’ అని అడగాలి. అడుగుతూ పోతే, ఇన్నేళ్లూ మోసిన బరువులో పెద్ద వాటా శ్రీసభ పెట్టింది కాదని తేలుతుంది. కొంత మాత్రం నిజంగానే శ్రీసభది. దాన్ని దాచి ఓదార్చడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు కాబట్టి దాని సంగతీ మాట్లాడుకుందాం.

ఇంత శ్రమెందుకు, చర్చి మానేస్తే పోలేదా అనేవాళ్లుంటారు. మరికొందరు మిమ్మల్ని ఆదరించే విచారణ (పారిష్) వెతుక్కుని అక్కడికి మారమంటారు. లండన్‌లో ఫార్మ్‌ స్ట్రీట్‌ జెస్యూట్‌ చర్చి, శాన్‌ఫ్రాన్సిస్కో కాస్ట్రో పేటలోని మోస్ట్‌ హోలీ రిడీమర్‌ విచారణ అలాంటివే. ఆ ఊళ్లలో స్థిరపడిన తెలుగువాళ్లకి ఆ సలహా పనికొస్తుంది. కానీ పల్నాడులో ఒక పల్లెకి ఉండేది ఒకే కతోలిక చర్చి. చదివిన బడి, ఉన్న బోర్డింగు, మేనమామలు, సమాధుల దొడ్డి అన్నీ ఆ చర్చిని అంటిపెట్టుకునే ఉంటాయి. పైగా తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాలవారు. ఊరు దూరం పెట్టిన రోజుల్లో అక్షరం చేతికిచ్చిందీ, పేరు పెట్టి పిలిచిందీ చర్చి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్‌.సి. హోదా వదులుకోవాల్సి వచ్చినా ఆ గుడిని వదలని కుటుంబాలివి. అటువంటి ఇంట్లో పుట్టినవాళ్లకి చర్చి మానేయడమంటే ఒక అభిప్రాయం మార్చుకోవడం కాదు, చుట్టరికం తెంచుకోవడం. కాబట్టి ఉన్నచోటే ఉండి ఆలోచించే దారి ఒకటి కావాలి.

‘నువ్వు ఇలా ఉండటమే పాపం’ అన్న మాటతో మొదలుపెడదాం. అన్నిటికన్నా లోతుగా గుచ్చుకునేది ఇదే, శ్రీసభ పుస్తకాల్లో ఎక్కడా లేనిదీ ఇదే. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథంలో 2357 నుంచి 2359 దాకా మూడు పేరాలు స్వలింగ ఆకర్షణ గురించినవి. చర్యలు వేరు, ఆకర్షణ వేరు అని అవి గీత గీస్తాయి. తప్పుపట్టేది చర్యల్ని. ఈ ఆకర్షణ ఉన్నవారిని గౌరవంతో, దయతో, సున్నితంగా స్వీకరించాలనీ, వారిపట్ల అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ ఉండరాదనీ అదే గ్రంథం చెబుతుంది. అక్కడితో ఆగితే సగం నిజమే చెప్పినట్టవుతుంది. మొదటి కూర్పులో, ఇది వాళ్లు ఎంచుకున్నది కాదు అనే అర్థం వచ్చే వాక్యం ఉండేది. 1997 నాటి సవరణలో అది తీసేసి, ఆ ఆకర్షణ కూడా క్రమం తప్పినదే అనే మాట చేర్చారు. చదివినవాళ్లకి నొప్పి కలిగించే మాటే అది, నొప్పి లేదని మిమ్మల్ని నమ్మించను. కానీ ‘క్రమం తప్పినది’ అనేది తత్వశాస్త్రపు పదం, ‘పాపం’ అనేది వేరే పదం. తెలిసి, ఇష్టపడి చేసినదే పాపమని రెండో తరగతి సత్యోపదేశంలోనే చెబుతారు. మీరు ఎంచుకోనిది మీ పాపం కాదు. అందువల్ల పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన చేసుకునేటప్పుడు ‘నేను ఇలాంటివాణ్ణి’ అనే వాక్యాన్ని జాబితాలోంచి కొట్టేయండి. కొట్టేసే అధికారం మీకు ఆ గ్రంథమే ఇస్తోంది.

సొదొమ సంగతి కూడా ఇంతే. ఊళ్లో ఆ పేరు ఎత్తేవాళ్లలో ఎంతమంది యెహెజ్కేలు గ్రంథం 16వ అధ్యాయం 49వ వచనం దాకా వెళ్లారో నాకు అనుమానమే. సొదొమ దోషమేమిటో ప్రవక్త అక్కడ ఎంచి చూపుతాడు: గర్వం, తిండి పుష్కలంగా ఉండి సుఖంగా బతకడం, పేదవాడికి చెయ్యి అందించకపోవడం. తర్వాతి వచనంలో హేయమైన పనుల ప్రస్తావన ఉంది, అవేమిటో వివరం లేదు. 2019లో పోపు గారి బైబిలు సంఘం మానవుడి గురించి వెలువరించిన పత్రం కూడా సొదొమ కథని పరదేశిని ఆదరించని నగరపు హింసగానే చదివింది. లేవీయకాండంలో రెండు వచనాలు, రోమీయులకు, కొరింతీయులకు రాసిన లేఖల్లోని మాటలు మిగులుతాయి. వాటి మీద పండితుల వాదన తెగలేదు, ఇక్కడ తెగదు కూడా. అయినా ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. వచనాన్ని దాని కాలం నుంచి పీకి అక్షరార్థం చెప్పే పద్ధతిని అదే సంఘం 1993లోనే గట్టిగా తప్పుపట్టింది. ఒక్క వచనం చేతపట్టుకుని తీర్పు చెప్పేయడం కతోలిక అలవాటు కాదు.

ఇక పెళ్లి. నా లెక్కలో మన దగ్గర జరిగే నష్టాల్లో అతి పెద్దది ఇదే, ఎందుకంటే ఇందులో రెండో మనిషి జీవితం కూడా ఉంది. జ్ఞానవివాహానికి ముందు ఆదివారాల్లో పూజ ముగిసే వేళ ఫాదర్‌ గారు కాగితం తీసి చదువుతారు: ఫలానా విచారణకి చెందిన ఫలానావారి కుమారుడు, ఫలానావారి కుమార్తె, వీరి వివాహానికి ఆటంకం ఏదైనా ఉన్నట్టు ఎవరికైనా తెలిస్తే తెలియజేయాలి. చాపల మీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పి ఆ ఇంటివాళ్ల వైపు చూసి నవ్వుతారు. అది లాంఛనమని అందరి ఉద్దేశం. శ్రీసభ చట్టం దాన్ని లాంఛనం అనుకోదు. వధూవరుల సమ్మతే వివాహాన్ని కలిగిస్తుందనీ, ఆ సమ్మతిని మరెవరూ వారి బదులు ఇవ్వలేరనీ 1057వ సూత్రం. బలవంతం వల్లనో పెద్ద భయం వల్లనో జరిగిన పెళ్లి చెల్లదని 1103వ సూత్రం. దాంపత్యాన్ని తీవ్రంగా కలతపెట్టగల లక్షణాన్ని మోసపూరితంగా దాచి సమ్మతి తీసుకుంటే అదీ చెల్లదని 1098వ సూత్రం. దాంపత్యపు ముఖ్య బాధ్యతలు మోయడానికి మనసు సహకరించనివారి సమ్మతి గురించి 1095వ సూత్రం మాట్లాడుతుంది. విషం సీసా చేతబట్టుకుని తల్లి ఏడిస్తేనో, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని తండ్రి కుమిలితేనో తలవంచి కట్టిన తాళికి పీఠం ముందు ఉన్న విలువ ఎంతో ఈ సూత్రాల్ని బట్టి మీరే చూసుకోవచ్చు. ‘పెళ్లి చేస్తే సర్దుకుంటుంది’ అన్నది ఊరి మాట. చెప్పవలసింది దాచి ఒక ఆడపిల్లని ఇంటికి తెచ్చుకోవడమే శ్రీసభ లెక్కలో దోషం. పెళ్లి తప్పించుకోవడానికి సెమినరీలోకో మఠంలోకో వెళ్లే దారి కూడా కొందరికి కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు పొంగిపోతారు కూడా. గురుత్వం దాక్కునే చోటు కాదు. పైగా ఈ ఆకర్షణ లోతుగా ఉన్నవారిని సెమినరీలో చేర్చుకోవద్దని 2005లో వాటికన్‌ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు సరైనదా కాదా అన్నది వేరే చర్చ. దాచుకుని లోపలికి వెళ్లినవాడికి మాత్రం అక్కడా ప్రతి రోజూ భయమే.

ప్రార్థనతో పోతుందనేవాళ్ల ఉద్దేశం చాలాసార్లు మంచిదే. కానీ రోగం కానిదాన్ని రోగమనుకుని మొదలుపెట్టే చికిత్స అది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగ ఆకర్షణని రోగాల జాబితా నుంచి తీసేశాయి. ఇది రుగ్మత కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లో చెప్పింది. 2021లో మద్రాసు హైకోర్టు తీర్పు వచ్చాక, ఈ స్వభావాన్ని మారుస్తామని చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్‌ 2022లో ప్రకటించింది. కాబట్టి మిమ్మల్ని ‘బాగుచేస్తానని’ కన్సల్టేషన్‌ ఫీజు తీసుకున్న డాక్టరు తన వృత్తి నియమాన్నే మీరుతున్నాడు. అమెరికాలో ప్రార్థన ద్వారా మార్పు తెస్తామని దశాబ్దాల పాటు నడిచిన ఎక్సోడస్‌ ఇంటర్నేషనల్‌ అనే ప్రొటెస్టెంటు సంస్థ 2013లో మూతపడింది. దాని అధ్యక్షుడే క్షమాపణ చెప్పి మూశాడు. స్వస్థత కూటాలకి వెళ్లి మారకుండా తిరిగొచ్చిన మనిషి తన విశ్వాసం చాలలేదని కుమిలిపోతాడు. చాలనిది విశ్వాసం కాదు, ఆ వైద్యానికి రోగమే లేదు. ప్రార్థన మానమని నేను అనడం లేదు. ‘నన్ను మార్చు’ అనే ఒక్క వాక్యం దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిన ప్రార్థనని అక్కణ్ణించి కదల్చమంటున్నాను. మనసు మరీ కుంగిపోతే, రాత్రిళ్లు చచ్చిపోవాలనిపిస్తే, ప్రభుత్వ టెలీ మానస్‌ సేవ 14416 నంబరుకి ఫోన్‌ చేయండి. అది ఉచితం.

నేరం అనే మాట వలస పాలకులది. 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్‌ పెట్టింది ఆంగ్లేయులు. సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో దాన్ని నిలబెట్టినప్పుడు, స్వలింగ ఆకర్షణ ఉన్నవారిని కతోలిక శ్రీసభ ఎన్నడూ నేరస్థులుగా చూడలేదని అప్పటి బొంబాయి అగ్రపీఠాధిపతి కార్డినల్‌ ఆస్వాల్డ్‌ గ్రేషియస్‌ బహిరంగంగా చెప్పారు. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు ఇష్టపూర్వక సంబంధాల్ని నేరపు పరిధి నుంచి తప్పించింది. ఇంట్లో ఇంకా పోలీసుల భయం పెడుతుంటే ఈ తేదీ చాలు.

ఇన్ని మాటల్ని పక్కకి తీశాక మిగిలే మాట ఒకటుంది. అది శ్రీసభదే. స్త్రీపురుషుల వివాహం వెలుపల లైంగిక సంబంధం తప్పని, ఇద్దరు పురుషుల మధ్యగానీ ఇద్దరు స్త్రీల మధ్యగానీ అది ఏ పరిస్థితిలోనూ సమ్మతం కాదని, వారికి బ్రహ్మచర్యమే దారి అని శ్రీసభ బోధిస్తోంది. 2013లో విమానంలో ఫ్రాన్సిస్‌ పోపు తీర్పు తీర్చడానికి నేనెవరినన్నట్టు మాట్లాడినప్పుడు బోధన మారిపోయిందని చాలామంది సంబరపడ్డారు. మారింది గొంతు, బోధన కాదు. 2021లో ఇలాంటి జంటల బంధాన్ని ఆశీర్వదించే అధికారం శ్రీసభకి లేదని వాటికన్‌ చెప్పింది. 2023 డిసెంబరు 18న, బంధాన్ని కాకుండా ఆ మనుషుల్ని, పెళ్లిలా కనిపించకుండా, గురువు ఆశీర్వదించవచ్చంది. నెల తిరక్కుండానే ఆఫ్రికా పీఠాధిపతులు మా దగ్గర కుదరదన్నారు. 2025లో వచ్చిన పద్నాలుగో లియో పోపు కూడా దగ్గర్లో బోధన మారే అవకాశం లేదనే చెప్పారు. అందుకని రోమ్‌ నుంచి కబురు వచ్చాక బతకడం మొదలుపెడదామనుకుంటే జీవితం అయిపోతుంది. అంతదాకా ఏం చేయాలన్నది మీ మనస్సాక్షి తేల్చుకోవాలి.

మనస్సాక్షి అనగానే రెండు వైపుల నుంచీ అభ్యంతరం వస్తుంది. మొదటిది భక్తుల నుంచి: అది తనకి నచ్చింది చేయడానికి దొరికిన సాకు కాదా? కాదు, కానీ సాకుగా వాడుకోవచ్చు. తేడా పట్టుకునే కొలతని థామస్‌ అక్వినాస్‌ ఏడొందల ఏళ్ల కిందటే ఇచ్చాడు. మనస్సాక్షి పొరబడినా సరే దానికి విరుద్ధంగా నడవడం పాపమని ఆయన వాదం. క్రీస్తుని నమ్మడమే చెడ్డదని ఒకడి బుద్ధికి నిజంగా తోస్తే, అలా తోచినంత కాలం వాడు నమ్మడం కూడా తప్పేనన్నంత దూరం వెళ్లాడు. వెంటనే రెండో మాట కూడా చేర్చాడు: తెలుసుకోవలసింది తెలుసుకోకుండా బద్ధకించి పొరబడితే ఆ పొరపాటు మనిషిని కాపాడదు. 1965లో రెండో వాటికన్‌ మహాసభ మనస్సాక్షిని మనిషి దేవుడితో ఒంటరిగా ఉండే చోటుగా వర్ణించింది. 1875లో జాన్‌ హెన్రీ న్యూమన్‌ దాన్ని క్రీస్తు తొలి ప్రతినిధిగా చెప్పిన మాటని సత్యోపదేశ గ్రంథమే ఎత్తి చూపుతుంది. కాబట్టి మీ ముందున్న పని బద్ధకస్తులది కాదు. సత్యోపదేశ గ్రంథంలోని ఆ మూడు పేరాలూ చదివారా? వాటి వెనకున్న తర్కాన్ని, మీకు నచ్చకపోయినా, న్యాయంగా ఇంకొకరికి చెప్పగలరా? మీరు తీసుకునే నిర్ణయంలో ఎవరిని మోసం చేయాల్సి వస్తోంది? ఆ నిర్ణయం మిమ్మల్ని ఇంకొంచెం దయగలవారిగా, నిజాయతీపరులుగా చేస్తోందా, లేక నాలుగు అబద్ధాలు ఎక్కువ చెప్పిస్తోందా? ఇంత చేశాక కూడా మనసు ఒకవైపే మొగ్గుతుంటే అది సాకు కాదు.

ఇంకో సంగతి చెప్పాలి, మన విచారణల్లో ఎవరూ పైకి అనరు. పిల్లలు పుట్టకుండా శాశ్వత ఆపరేషన్‌ చేయించుకోవడం కూడా శ్రీసభ బోధన ప్రకారం తీవ్రమైన తప్పే. 1968లో ఆరో పౌలు పోపు రాసిన లేఖలో ఆ నిషేధం స్పష్టంగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్‌ చేయించుకున్నవారు. కతోలిక స్త్రీలు అందులో లేరనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ఇద్దరో ముగ్గురో పిల్లలు పుట్టాక, ఒంట్లో శక్తి చూసుకుని, ఇంట్లో బియ్యం చూసుకుని, మన తల్లులు నిర్ణయం తీసుకున్నారు, తర్వాతి ఆదివారం సత్ప్రసాదానికి లేచారు. వాళ్లని ఎవరూ ఆపలేదు, ఆపకూడదు కూడా. వాళ్ల మీద వేలెత్తి చూపడానికి ఈ పోలిక తేలేదు. ఒకే రకమైన నిషేధం ఒకరి విషయంలో మెత్తగా కరిగిపోయి, మీ విషయంలో రాయిలా గట్టిపడిందంటే, ఆ గట్టిదనం సిద్ధాంతం నుంచి వచ్చింది కాదు. అది సిగ్గు నుంచి, ‘నలుగురూ ఏమనుకుంటారో’ నుంచి వచ్చింది.

మనస్సాక్షి అందర్నీ ఒకే ఇంటికి చేర్చదు. అమెరికా రచయిత్రి ఈవ్‌ టష్‌నెట్‌ తనని గే అనే చెప్పుకుంటూ, బ్రహ్మచర్యంలోనే స్నేహంతో, సేవతో నిండిన జీవితం ఉందని 2014లో పుస్తకమే రాసింది. 1969లో అమెరికాలో మొదలైన డిగ్నిటీ సంస్థలోని కతోలికులు ప్రేమబంధంలో ఉంటూనే పూజకి వెళ్తారు. రెండు పక్షాలూ ఒకరినొకరు తప్పుపట్టుకుంటాయి. నా ఉద్దేశం ఏమిటంటే, బ్రహ్మచర్యాన్ని ఎంచుకున్నవారిని పిరికివారనడం ఎంత అన్యాయమో, భయం వల్ల ఒంటరిగా మిగిలిపోవడాన్ని బ్రహ్మచర్యమని పొగడటం అంత అన్యాయం.

రెండో అభ్యంతరం అవతలివైపుది: మిమ్మల్ని క్రమం తప్పినవారనే ఇంట్లో ఇంకా ఎందుకుండాలి? బలమైన ప్రశ్నే. దీనికి తెలుగు కతోలికుల చరిత్రలో సగం జవాబుంది. చర్చిలో వేరే వరస, సమాధుల దగ్గర వేరే గోడ చూసిన దళిత విశ్వాసులు బయటికి నడవలేదు. ‘ఈ ఇల్లు మాది కూడా’ అని లోపలే నిలబడి అడిగారు. దళితుల సాధికారత విధానాన్ని భారత పీఠాధిపతుల సమాఖ్య 2016లో ప్రకటించింది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో తొలి దళిత కార్డినల్‌ అయ్యారు. ఈ పోలిక సగం దూరమే వస్తుంది, నిజమే. కులవివక్ష శ్రీసభ బోధనకి విరుద్ధం, ఇక్కడ చిక్కు బోధనలోనే ఉంది. కానీ ఇంట్లో పుట్టినవాడి హక్కు ఇంటి పెద్దలతో ఏకీభవించడం మీద ఆధారపడి లేదన్న పాఠం రెంటికీ ఒకటే. జ్ఞానస్నానం వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. స్వలింగ ఆకర్షణ ఉన్నవారి మధ్య పనిచేసిన సిస్టర్‌ జనీన్‌ గ్రామిక్‌ని ఆ పని మానమని 1999లో వాటికన్‌ ఆదేశించింది. ఆమె మానలేదు, మఠం మారింది గానీ శ్రీసభని వదల్లేదు. 2023 అక్టోబరులో ఫ్రాన్సిస్ పోపు ఆమెని కలిసి మాట్లాడారు. ఇరవై నాలుగేళ్లు. అంత ఓపిక అందరికీ ఉండాలని లేదు. లోపలుంటే ప్రాణం మీదికి వస్తున్నవాళ్లు బయటికి వెళ్తే అది విశ్వాసద్రోహమని నేను అనను.

ఇక ఎవరితో చెప్పాలన్న ప్రశ్న. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు, ఆ ముద్ర విప్పితే ఆయనకే కఠిన శిక్ష. అయినా ఇంటికి భోజనానికి వచ్చే విచారణ గురువు ముందు నోరు పెగలకపోతే ఆయన దగ్గరే మొదలుపెట్టాలని నియమం లేదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాల జనంలో మీ గొంతు గుర్తుపట్టని గురువు దొరుకుతారు. ఆయన కసిరితే, ఆ కసురు ఆయనది. లేచి వేరొకరి దగ్గరికి వెళ్లండి. తల్లిదండ్రుల విషయంలో మాత్రం తొందర వద్దు. చదువుకి, తిండికి వాళ్ల మీదే ఆధారపడి ఉంటే ముందు మీ కాళ్ల మీద నిలబడండి, లేదా అండగా నిలిచే ఒక అత్తనో బాబాయినో చూసుకోండి. 1997లో అమెరికా పీఠాధిపతుల కమిటీ ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకి ఒక సందేశం రాసింది. పిల్లల్ని దూరం చేసుకోవద్దు, వాళ్లు ఎప్పటికీ మీ పిల్లలే అన్నది దాని సారం. చదవగలిగిన తండ్రికి అది ఇవ్వవచ్చు. అమ్మ అడిగే మొదటి ప్రశ్న సిద్ధాంతం గురించి ఉండకపోవచ్చు. ‘ఫాదర్‌ గారికి తెలుసా?’ అనో, ‘మీ పెద్దమ్మ వాళ్లకి ఏం చెప్పాలిరా?’ అనో ఉంటుంది. ఆ ప్రశ్నలో దేవుడెక్కడ, ఊరెక్కడ అన్నది మీకు అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి, కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పగలరు. ఆ రాత్రి ఇంట్లో జపమాలకి అందరూ కూర్చుంటే మీరూ వెళ్లి మీ చోట కూర్చోండి. మీ వంతు దేవరహస్యం వచ్చినప్పుడు మీరే చెప్పండి.